కుప్పా, తంహుయ్: యూదుల ఊరి దానంలో రెండు పద్ధతులు

కుప్పా అంటే డబ్బు నిధి. ఊరి పేదలకు శుక్రవారం నుంచి శుక్రవారానికి సరిపడా ఇచ్చేవారు. తంహుయ్ అంటే ఇంటింటా పోగుచేసిన తిండి. రోజూ పంచేవారు, దారిన పోయే పరాయివాడికైనా పెట్టేవారు.

ఎవరు తీసుకోవచ్చో యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం మిష్నా తేల్చి చెప్పింది. రెండు పూటల తిండి ఉన్నవాడు తంహుయ్ ముట్టకూడదు, 14 పూటలకు ఉన్నవాడు కుప్పా జోలికి పోకూడదు. ఊరికి కొత్తగా వచ్చినవాడు 30 రోజులకు తంహుయ్‌కీ, 3 నెలలకు కుప్పాకీ చందా ఇవ్వాలి.

అసలు తేడా మనుషుల లెక్కలో ఉంది. కుప్పా వసూలుకు ఇద్దరు, పంపకానికి ముగ్గురు. ఎవరికెంత అని తేల్చడం డబ్బు తగాదా తీర్చడంతో సమానం, అందుకే న్యాయస్థానంలోలా ముగ్గురు. తంహుయ్‌లో తెచ్చిందే వెంటనే పంచాలి కనుక మొదటి నుంచీ ముగ్గురే.

మిగులు దగ్గరే చిక్కు. కుప్పా నాణేలు మార్చాలంటే బయటివాళ్లతో మార్చాలి, తంహుయ్ తిండి మిగిలితే బయటివాళ్లకు అమ్మాలి. వసూలుదార్లు తామే పుచ్చుకోకూడదు. వీధిలో వాళ్లు విడివిడిగా తిరగకూడదు. దారిలో నాణెం దొరికినా దానపు సంచిలో వేసి, ఇంటికెళ్లాకే తీసుకోవాలి. దొంగతనం జరగకపోతే చాలదు, చూసేవాళ్లకు అనుమానమూ రాకూడదు. మన చందా కమిటీలకు ఈ ఒక్కటి వంటబట్టినా బాగుండు!

ఒక్కటే నడపగలిగితే కుప్పాయే మేలు. 12వ శతాబ్దంలో యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడీస్ కుప్పా లేని యూదుల ఊరిని చూడలేదు, వినలేదు అన్నాడు; తంహుయ్ మాత్రం కొన్నిచోట్లే ఉందట.