మోచేయి, మణికట్టు: ఒకే దిశలోనా, ఎదురు దిశల్లోనా?

ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాల ఊరేగింపు పక్కన నిలబడి డప్పు కొట్టేవారి చేతులను గమనిస్తే, దరువు వేగం పెరిగేకొద్దీ మోచేయి, మణికట్టు విడివిడిగా కాక ఒకే లయలో ఆడుతున్నట్టు తోస్తుంది. ఈ రెండు కీళ్లను లయగా కలపడానికి ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి: రెండూ చేతిని ఒకే వైపుకు కదిలించడం, లేదా ఒకటి పైకి, మరొకటి కిందికి కదిలించడం.

మొదటిది తేలిక; మెట్రోనోమ్ (సమాన వ్యవధిలో టిక్కుమంటూ లయ చూపే పరికరం) వేగం పెంచినా చెదరదు. రెండోది నెమ్మదిగా ఉన్నంతసేపు సాధ్యమే, కానీ వేగం ఒక హద్దు దాటగానే తడబడి, మనం కోరకుండానే మొదటి పద్ధతిలోకి జారిపోతుంది. మొదటిది మాత్రం అలా రెండోదానిలోకి జారదు. రెండు చేతుల వేళ్లలో కనిపించే ఇలాంటి మార్పునే శాస్త్రవేత్తలు హాకెన్, కెల్సో, బుంజ్ 1985లో గణిత సమీకరణంగా రాశారు.

నన్ను ఎక్కువగా ఆకర్షించేది మరో సంగతి. అరచేయి పైకి ఉన్నప్పుడు మోచేతిని, మణికట్టును కలిపి ముడవడం సుఖంగా ఉంటుంది. అరచేతిని కిందికి తిప్పితే, మోచేయి ముడుచుకుంటుండగా మణికట్టును పైకి ఎత్తడమే సుఖమవుతుంది. కండరాల జత మారినా స్థిరంగా నిలిచేది దిశే. (ఇరానీ కేఫ్ బల్ల దగ్గర ప్రయత్నించేవారు చాయ్ కప్పును కాస్త దూరం జరపాలి.) పైగా, మోచేయి ఊపు నుంచి పుట్టే బలం మణికట్టుకూ తగులుతుంది కనుక, అక్కడి కండరాలు దాన్ని ప్రతిసారీ సర్దుకోవాలి. కొత్తగా దరువు నేర్చుకునేవారు మొదటి పద్ధతితోనే మొదలుపెట్టి, రెండోదాన్ని నెమ్మది లయలోనే సాధన చేయడం మంచిదని నా అభిప్రాయం.