ట్రైనింగ్‌కి ట్రిషియమా, కార్బన్-14 ఆ?

ల్యాబ్‌లో కొత్తగా చేరిన కెమిస్టులకు ట్రేసర్ పని (అణువుకు రేడియోధార్మిక గుర్తు తగిలించి అది ఎటు పోతుందో చూడడం) నేర్పాలంటే, గుర్తుగా ట్రిషియం (రేడియోధార్మిక హైడ్రోజన్) వాడాలా, కార్బన్-14 (రేడియోధార్మిక కార్బన్) వాడాలా అని ప్రతిసారీ ఇదే తర్జనభర్జన.

ఖర్చు: ట్రిషియం లేబుల్ వేయడం మామూలుగా చవక. కార్బన్-14 అయితే అణువును మొదటి నుంచి కట్టుకురావాలి కాబట్టి జేబుకు చిల్లే.

శ్రమ: రెండింటికీ లిక్విడ్ సింటిలేషన్ కౌంటరే (శాంపిల్‌ని మెరిసే ద్రవంలో కలిపి ఆ మెరుపులు లెక్కపెట్టే యంత్రం) దిక్కు. ట్రిషియం వదిలే బీటా కణాల శక్తి గరిష్ఠంగా 18.6 కేఈవీ (కణాల శక్తికి కొలమానం), కార్బన్-14ది 156, అందుకే శాంపిల్‌కి కాస్త రంగున్నా ట్రిషియం లెక్క బాగా పడిపోతుంది, క్వెంచ్ కరెక్షన్ (అలా తగ్గిన లెక్కను సరిచేయడం) రాకపోతే రిజల్ట్‌ని నమ్మలేం.

రిస్క్: రెండూ ఒంటి బయట ఉంటే పెద్ద భయం లేదు, లోపలికి పోతేనే. కానీ ట్రిషియం బెంచీ మీద ఒలికితే గైగర్ కౌంటర్ (చేత్తో పట్టుకుని రేడియేషన్ వెతికే పరికరం) కిక్కురుమనదు, బెంచీ తుడిచిన కాగితాన్ని సింటిలేషన్ కౌంటర్‌లో పెడితేగానీ తెలీదు. కార్బన్-14ని పల్చటి కిటికీ ఉన్న గైగర్ కొంతైనా పట్టిస్తుంది. (అసలు మొదటి వారం ఏ ఐసోటోపూ ఇవ్వకండి, ఫ్లోరసెంట్ రంగునీళ్లతో పని చేయించి యూవీ లైటు వేయండి, ఎవరి గ్లవ్స్ ఎక్కడెక్కడ తగిలాయో వాళ్లకే కనిపిస్తుంది.)

వ్యర్థాలు: అర్ధాయువు (రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం) ట్రిషియంకి 12.3 ఏళ్లు, కార్బన్-14కి 5,730 ఏళ్లు. దాచి ఉంచితే తగ్గిపోతుందిలే అనుకోవడానికి రెండూ పనికిరావు.

మందు శరీరంలో ఏమవుతోందో చూసే ల్యాబైతే కార్బన్-14తో మొదలెట్టండి, అణువులో కొన్ని చోట్ల ట్రిషియం నీళ్లలోని హైడ్రోజన్‌తో స్థానం మార్చుకుని తప్పుదారి పట్టిస్తుంది. రిసెప్టర్ బైండింగ్ (మందు కణాల్లోని గ్రాహకాలకు ఎలా అతుక్కుంటుందో చూసే) పనైతే ట్రిషియమే.