తిరుపతి నుంచి ఇరుంగాట్టుకోట్టై: టూరింగ్ కార్ల సీజన్ వెంబడి

తిరుపతికి మూడు గంటల దూరంలో కార్ల రేసులు జరుగుతాయంటే మన ఊళ్ళో నమ్మేవాళ్ళు తక్కువ. శ్రీపెరుంబుదూరు దాటగానే ఇరుంగాట్టుకోట్టైలో ఉందా ట్రాకు. ఇప్పుడు దాన్ని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు, పాతవాళ్ళ నోట్లో మాత్రం ఇంకా ఎంఎంఆర్‌టీనే (మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్). 1953లో మొదలైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ కట్టించుకున్నది. అంతకుముందు ఈ క్లబ్బు రేసులు చెన్నై దగ్గరి షోళవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద జరిగేవి. అప్పట్లో చిత్తూరు నుంచి బస్సెక్కి షోళవరం పోయొచ్చామని చెప్పే పెద్దవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు.

జాతీయ కార్ రేసింగ్ చాంపియన్‌షిప్‌లో చాలా తరగతులుంటాయి. మేం పట్టుకున్నది టూరింగ్ కార్లను. మేమంటే నేనూ, చిత్తూరులో కార్ల మెకానిక్‌గా ఉన్న మా బావమరిదీ. చక్రాలు బయటికి కనబడే ఒంటి సీటు ఫార్ములా కార్లు చూడ్డానికి బాగానే ఉంటాయి గానీ, వాటికీ మన బతుక్కీ పొత్తు లేదు. టూరింగ్ కార్లంటే హోండా సిటీ, ఫోక్స్‌వాగన్ పోలో లాంటివి, రోజూ లీలామహల్ సర్కిల్లో మన పక్కన హారన్ కొట్టే బండ్లే. లోపల సీట్లు, ఏసీ, గుడ్డలు అన్నీ పీకేసి, ఇనప గొట్టాలతో పంజరం బిగించి, డ్రైవరుకు ఒకే ఒక్క సీటు మిగిలిస్తారు. పోలో మన దేశంలో షోరూముల నుంచి 2022లోనే వెళ్ళిపోయింది, ట్రాకు మాత్రం దాన్ని వదల్లేదు. మారుతి ఎస్టీమ్ కథా అంతే. అమ్మకాలు ఆగిపోయాక కూడా ఏళ్ళ తరబడి రేసుల్లో పరుగెత్తింది.

ఇక దారి. తిరుపతి నుంచి ఎస్‌వీపురం టోల్‌గేటు, పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్ళూరు, అక్కడ కుడికి తిరిగితే శ్రీపెరుంబుదూరు. అంతా కలిపి సుమారు 130 కిలోమీటర్లు. కార్ల రేసులకు పోతూ ఎముకలు విరిగినవాళ్ళకు కట్టు కట్టే పుత్తూరు మీదుగా వెళ్ళడం ఏమి శకునమో అని మావాడు ప్రతిసారీ ఒకే జోకు వేశాడు. చిత్తూరు వాళ్ళకైతే రాణిపేట, వాలాజాపేట మీదుగా బెంగళూరు హైవే ఎక్కేయడమే సుఖం. బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే చివర కూడా శ్రీపెరుంబుదూరే కాబట్టి, అది పూర్తిగా తెరిస్తే ఇంకా తేలిక.

బస్సులో వెళ్ళేవాళ్ళకు ఒక మాట. తిరుపతి-చెన్నై బస్సెక్కి మాధవరం దాకా పోతే ట్రాకుకు దగ్గర కావడం అటుంచి, ఇంకా దూరమైపోతారు. తిరుపతి నుంచి కాంచీపురం బస్సెక్కి, అక్కడ చెన్నై బస్సు మారితే హైవే మీదే దిగొచ్చు. హైవే నుంచి ట్రాకు గేటు దాకా ఆటో. వెళ్ళేటప్పుడు దొరుకుతుంది, సాయంత్రం వచ్చేటప్పుడు దొరకదు. యాప్‌లో క్యాబ్ బుక్ చేస్తే డ్రైవరు ఫోన్ చేసి ఎక్కడికని అడిగి రద్దు చేసుకోవడం రెండు మూడుసార్లు జరిగింది. పొద్దున దింపిన ఆటో ఆయన నంబరు తీసుకుని పెట్టుకోండి.

దారి గురించి అసలు సంగతి క్యాలెండరులో ఉంది. రేసులు శని, ఆదివారాల్లోనే. మురుగన్ పండగ ఆడి కృత్తిక రోజుల్లో తిరుత్తణి చుట్టూ కావళ్ళు ఎత్తుకున్న జనమే జనం, బండి కదలదు. తమిళుల పెరటాసి నెల వచ్చిందంటే, తమిళనాడు మొత్తం శనివారాలకు తిరుమల కొండ వైపు బయలుదేరుతుంది. శనివారం పొద్దున మనం అటు, వాళ్ళిటు కాబట్టి పర్వాలేదు. శుక్రవారం రాత్రి నుంచే ఎదురొచ్చే వ్యాన్ల లైట్లు కళ్ళలో పడుతుంటాయి, అంతే. ఆదివారం సాయంత్రం మాత్రం మనదీ వాళ్ళదీ తలో దిక్కు అనుకోవద్దు. దర్శనం అయి తిరిగొచ్చేవాళ్ళు, ఆలస్యంగా కొండకు బయలుదేరినవాళ్ళు, అందరూ నగరి దగ్గర కలుస్తారు.

బసకు మూడు దారులున్నాయి. ఒకటి ఇరుంగాట్టుకోట్టై, శ్రీపెరుంబుదూరు మధ్యలో హైవే పక్క హోటళ్ళు. హ్యుందాయ్ ఫ్యాక్టరీ అక్కడే కావడంతో బోర్డుల మీద కొరియా అక్షరాలు, మెనూలో కొరియా వంటలు. వారం మధ్యలో కంపెనీ వాళ్ళతో నిండిపోయే గదులు శనివారం కాస్త సులువుగా దొరికాయి. శుభ్రంగా ఉన్నాయి, పడకలు బాగున్నాయి. ఒక హోటల్లో మాత్రం ముందుగా మాట్లాడుకున్న అద్దెకు, బిల్లులో వేసినదానికి పొంతన లేదు. అరగంట వాదిస్తే తగ్గించారు. రాత్రంతా కంటైనర్ లారీల మోత. రోడ్డు వైపు గది ఇస్తే పుచ్చుకోవద్దు.

రెండోది కాంచీపురం. యాత్రికుల లాడ్జీలు చవక, పట్టుచీరల బేరానికి వచ్చినవాళ్ళతో వారాంతాల్లో కిటకిట. మిరియాలు, శొంఠి తగిలే కాంచీపురం ఇడ్లీ కోసమైతే ఒక రాత్రి ఉండొచ్చు. రేసు కోసమైతే పొద్దున్నే నలభై కిలోమీటర్లు పరుగెత్తాలి. మూడోది చెన్నైలోనే దిగడం. పూందమల్లి ట్రాఫిక్ ఒకసారి చూసినవాళ్ళకు ఆ ఆలోచన రాదు. నా ఓటు శ్రీపెరుంబుదూరు ఊళ్ళోని మామూలు లాడ్జికి. గది చిన్నది, వేడినీళ్ళు బకెట్లో తెచ్చిస్తారు, అయినా ఆదికేశవ పెరుమాళ్ గుడికి నడిచి పోవచ్చు. అది రామానుజులవారు పుట్టిన ఊరు. కొండ మీద పూజల కట్టుబాట్లు నిలబెట్టిన మహానుభావుడి ఊరికి తిరుపతి నుంచి వచ్చి, "కార్ల రేసుకు వచ్చాం స్వామీ" అని అర్చకుడికి చెప్పడానికి నాకు కొంచెం మొహమాటం వేసింది. ఆయన నవ్వి శఠారి పెట్టాడు.

ట్రాకు దగ్గర చేయాల్సిన పని, శనివారమే వెళ్ళడం. ఆదివారం ఒక్కరోజు పోయి ఫైనల్ చూసి వచ్చేవాళ్ళకు సగమే దక్కుతుంది. శనివారం క్వాలిఫైయింగ్, అంటే రేసులో ఎవరు ఏ వరసలో నిలబడాలో తేల్చే పరుగు, జరుగుతుంటుంది, జట్ల గుడారాల దగ్గర సందడి ఉంటుంది. అనుమతి ఉన్నంత మేరకు దగ్గరికి పోయి చూడొచ్చు. కింద పడుకుని గేర్‌బాక్సు దించుతున్న కుర్రాళ్ళను చూస్తూ మావాడు అక్కడే గంటలు గంటలు నిలబడిపోయాడు. బంపరు చిరిగితే కొత్తది వేయరు, టేపు చుట్టి పంపేస్తారు. "మన షెడ్డులో ఇట్లా చేస్తే కస్టమరు కొడతాడు బావా" అన్నాడు.

ట్రాకు పొడవు 3.7 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. టూరింగ్ కార్లు చుట్టును రెండు నిమిషాల లోపే ముగిస్తాయి. స్టార్టు పడగానే కార్లన్నీ మొదటి మలుపులోకి ఒక్కసారిగా దూరే తీరు, కనుమ నాడు రంగంపేట వీధిలోకి ఎద్దులను వదిలినట్టుంటుంది. ఫార్ములా కార్లు ఒకదాన్నొకటి తాకితే చక్రం ఊడిపోతుంది. వీటిలో డోరూ డోరూ రాసుకుంటాయి, అద్దం ఒకటి ఎగిరిపడుతుంది, పోటీ సాగుతూనే ఉంటుంది. ముందు కారు గాలిని చీలుస్తుంటే దాని వెనకే అంటుకుని వచ్చి, సూటి దారి చివర పక్కకు తప్పుకుని బ్రేకు ఆలస్యంగా నొక్కినవాడిదే చోటు.

మలుపు దగ్గర కూర్చుంటే ఇంకోటి కనబడుతుంది.

"చూడు బావా, లోపలి వైపు వెనక చక్రం నేల మీద లేదు."

"బోల్తా పడదా రా?"

"పడదు. ముందు చక్రాలు లాగే బండి కదా. వెనక బిర్రుగా బిగిస్తే ముక్కు తొందరగా తిరగతాది. ఆ చక్రంతో దానికి పని లేదు."

తర్వాత నేను రేసు చూడ్డం మానేసి ఆ చక్రాలనే చూశాను.

ప్రేక్షకులకు సౌకర్యాలు అంతంతమాత్రం. నీడ తక్కువ, టోపీ, నీళ్ళు మనమే తీసుకెళ్ళాలి. చెవుల్లో పెట్టుకోవడానికి దూది అయినా ఉంచుకోండి, పిల్లలను తీసుకెళ్తే తప్పనిసరి. మైకులో చెప్పేది ఇంజిన్ల మోతలో వినబడదు. టికెట్టు ఉండేదీ లేనిదీ ఒక్కో పోటీకి ఒక్కో రకం, ముందే కనుక్కోండి. మమ్మల్ని కంచె దగ్గరికి రానీయకుండా వెనక్కి పంపిన వాలంటీర్ల మీద మావాడు విసుక్కున్నాడు గానీ, నేను వాళ్ళ పక్షమే. 2023 జనవరి 8న ఇదే ట్రాకులో, ఇదే జాతీయ చాంపియన్‌షిప్‌లో సెలూన్ కార్ల రేసు జరుగుతుండగా సీనియర్ డ్రైవర్ కె.ఇ. కుమార్ ప్రమాదంలో చనిపోయారు. అది 2022 సీజన్ రౌండు. తేదీలు ఏడాది దాటిపోవడం ఈ సీజన్లకు మామూలే, కాబట్టి గది బుక్ చేసేముందు తేదీ మారిందేమో చూసుకోవాలి.

ఇరుంగాట్టుకోట్టై కాక ఇంకో ట్రాకు, కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. విమాన ప్రమాదంలో 1995లో పోయిన ఎస్. కరివర్ధన్ పేరు పెట్టారు. మన దేశంలో కుర్రాళ్ళకు అందుబాటులో రేసు కార్లు తయారుచేసిన మనిషి ఆయన. 2005లో ఫార్ములా వన్ దాకా వెళ్ళిన మొదటి భారతీయుడు నరేన్ కార్తికేయన్‌దీ కోయంబత్తూరే. ట్రాకు చిన్నది, అందుకే చూసేవాడికి లాభం. కార్లు ఎక్కువసేపు కంటికి ఆనుతాయి. తిరుపతి నుంచి చిత్తూరు, కాట్పాడి మీదుగా కోయంబత్తూరుకు నేరుగా రైలుంది గానీ రోజూ ఉండదు. దిగాక గాంధీపురంలో బస, శ్రీ అన్నపూర్ణలో సాంబారు ఇడ్లీ, మధ్యాహ్నం ఖాళీ ఉంటే జి.డి. నాయుడు కుటుంబం పెట్టిన జీడీ కార్ మ్యూజియం. ఆటోవాళ్ళలో, హోటలువాళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు తగులుతూనే ఉంటారు. యాస వేరే, మర్యాద ఎక్కువ. ఖర్చు కూడా ఎక్కువే.

వీధుల్లో పెట్టే రేసుల సంగతి అడుగుతారు. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల రేసు ఫార్ములా ఈ జరిగింది, 2024లో జరగాల్సింది రద్దయింది. చెన్నైలో 2024 ఆగస్టు చివర ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రిపూట రేసు పెట్టారు. దీపాల వెలుగులో ఫొటోలు బాగా వస్తాయి. కూర్చున్న చోట నుంచి కనబడేది గోడల మధ్య ఒక ముక్క రోడ్డు. టూరింగ్ కార్ల కోసం వెతికేవాళ్ళకు అక్కడ పని లేదు.

మళ్ళీ ఎవరైనా మాతో వస్తామంటే చెప్పేది ఇదే: శనివారం తెల్లవారుజామున బయలుదేరి, శ్రీపెరుంబుదూరు ఊళ్ళో రోడ్డుకు దూరంగా గది తీసుకుని, ఆదివారం చివరి రేసు జెండా పడకముందే ఆటో ఆయనకు ఫోన్ కొట్టండి. బహుమతులు ఇచ్చేదాకా ఉంటామంటే రాత్రి భోజనం తిరువళ్ళూరులోనే.