ఈ-కోర్ట్స్ యాప్ రివ్యూ: హత్య కేసు గురించి మాట్లాడే ముందు ఇది తెరవండి

ఈ-కోర్ట్స్ సర్వీసెస్ అని ఒక యాప్ ఉంది, ఫ్రీ, సుప్రీంకోర్టు ఈ-కమిటీ కింద ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ) వాళ్లు తయారు చేసింది, 2017 నుంచి ఉంది. లాయర్లు, వాళ్ల గుమస్తాలు రోజూ వాడతారు. కానీ కోర్టులో కేసు నడుస్తున్న ఇళ్లలో, ముఖ్యంగా మన శ్రీకాకుళం పల్లెల్లో, దీని పేరు కూడా చాలామందికి తెలియదు. తెలియకపోవడం వల్ల ఏం జరుగుతుందో మా ఇంట్లో చూశాం కాబట్టి ఈ రివ్యూ కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి. ఐదుకి నాలుగున్నర నా మార్కు.

మా పెద్దమ్మ కూతురి భర్త, అంటే మా బావ, హత్యకు గురయ్యారు. ఊరి పేరు రాయను, నిందితుల పేర్లూ రాయను. ఛార్జిషీటు పడింది, విచారణ మొదలవబోతోంది, ఇలాంటప్పుడు పేర్లు రాసి మాట్లాడటం మాకే మంచిది కాదు, ఎందుకో కింద చెప్తాను. ఊరు మాత్రం ఆగలేదు. టీ బడ్డీ దగ్గర, ఆటోలో, పెళ్లి భోజనాల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, అన్నిచోట్లా ఈ కేసే. ఒకాయన భూమి తగాదా అంటాడు, ఇంకొకాయన ఇంకేదో సంబంధం అంటాడు. చనిపోయిన మనిషి వచ్చి కాదని చెప్పలేడు కదా. వినాల్సిందంతా ఆయన భార్య, మా అప్ప, వింటోంది.

వీటన్నిటికంటే పెద్ద దెబ్బ ఒక స్క్రీన్‌షాట్. ఎవరో కోర్టు వెబ్‌సైట్‌లో మా కేసు వెతికి, స్టేటస్ దగ్గర ‘కేస్ డిస్పోజ్డ్’ అని ఉంటే ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. రాత్రికల్లా ఊరంతా ఒకటే మాట, కేసు కొట్టేశారని. పొద్దున్నే పక్కింటి ముసలమ్మ వచ్చి ‘ఏటమ్మా, కేసు కొట్టీసినారట, నిజమేనేటి?’ అని మా అప్పనే అడిగింది. అడగడంలో చెడ్డ ఉద్దేశం లేదు, ఆవిడకి బాధే. కానీ మా అప్పకి ఆ రోజంతా ముద్ద దిగలేదు. ఒక లోకల్ యూట్యూబ్ ఛానల్ వాళ్లు ఫోన్ చేసి కనుక్కోకుండానే ‘న్యాయం అమ్ముడుపోయిందా’ అని వీడియో పెట్టేశారు. ఆ సాయంత్రమే ఒక మనిషి ఇంటికొచ్చి, తనకి కోర్టులో తెలిసినవాళ్లున్నారని, కొంత ఖర్చు పెడితే కేసు మళ్లీ తెరిపిస్తానని చెప్పాడు. మా అప్ప చెవిదిద్దులు తాకట్టు పెట్టడానికి కూడా సిద్ధపడింది.

అప్పుడు మా లాయర్ గారి దగ్గర పనిచేసే కుర్రాడు ఫోన్లోనే యాప్ వేయించి చూపించాడు. కేసు కొట్టేయలేదు. డిస్పోజ్డ్ అన్నది నిజమే గానీ, దాని కింద ఇంకో లైను ఉంది, స్క్రీన్‌షాట్‌లో అది రాలేదు: ‘కమిటెడ్ టు సెషన్స్’. అంటే మేజిస్ట్రేట్ కోర్టులో కేసు పని పూర్తయి, సెషన్స్ కోర్టుకి వెళ్లింది.

ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ప్రతి హత్య కేసులోనూ ఈ మెలిక వస్తుంది, ప్రతిసారీ ఎవరో ఒకరు భయపడతారు. హత్య కేసు విచారించే అధికారం మేజిస్ట్రేట్‌కి లేదు. 2024 జులై 1 నుంచి జరిగిన నేరమైతే భారతీయ న్యాయ సంహిత 103 సెక్షన్ (జనం నోట ఇప్పటికీ పాత ఐపీసీ 302 అనే వస్తుంది, అంతకుముందు నేరాలకి అదే వర్తిస్తుంది), శిక్ష యావజ్జీవం లేదా ఉరి, దాన్ని సెషన్స్ కోర్టే విచారించాలి. కానీ పోలీసులు ఛార్జిషీటు వేసేది ముందు మేజిస్ట్రేట్ దగ్గరే. అక్కడ దానికి పీఆర్సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు ఇస్తారు. నిందితులకి కాగితాల కాపీలు ఇచ్చి, మేజిస్ట్రేట్ కేసుని సెషన్స్‌కి పంపిస్తారు. కోర్టు వాళ్ల భాషలో ‘కమిట్ అయింది’ అంటారు. పంపించాక ఆ పీఆర్సీ నంబరు అక్కడితో సరి, కంప్యూటర్‌లో డిస్పోజ్డ్ అని పడుతుంది. సెషన్స్‌లో ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరుతో, కొత్త సీఎన్‌ఆర్ నంబరుతో (కంప్యూటర్‌లో ఒక్కో కేసుకి విడిగా ఉండే నంబరు) మళ్లీ మొదలవుతుంది. పాత నంబరు మాత్రమే పట్టుకుని చూసినవాళ్లకి కేసు ముగిసిపోయినట్టే కనిపిస్తుంది. అసలు విచారణ అప్పుడు మొదలవబోతోందని అర్థం.

వాడటం ఎలా అంటే, పార్టీ పేరుతో వెతకొచ్చు గానీ నేను వద్దంటాను. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి, మన ఇంటిపేర్లు ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగ్‌తో ఉంటాయి. పోలీస్ స్టేషన్, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం ఇచ్చి వెతకడం తేలిక, ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాది దగ్గర ఎలాగూ ఉంటుంది, అది ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అలా ఒకసారి కేసు దొరికాక పదహారు అక్షరాలు, అంకెల సీఎన్‌ఆర్ నంబరు కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి, యాప్‌లో ‘మై కేసెస్’లో కూడా వేసుకోండి. ఇక తర్వాత వాయిదా ఎప్పుడు, ఎందుకోసం, ఏ కోర్టులో, ఇంతకుముందు ప్రతి వాయిదాకి ఏం జరిగింది, అన్నీ తేదీల వారీగా వస్తాయి. ఆర్డర్లు అప్‌లోడ్ చేస్తే పీడీఎఫ్ కూడా చదువుకోవచ్చు. హైకోర్టు కేసులకి కూడా ఇదే యాప్.

బెయిల్ పిటిషన్లు వేరే నంబర్లతో ఉంటాయి, ఇది కూడా తెలుసుకోవాలి. మా కేసులో ఒకరికి బెయిల్ వచ్చిన రోజు ‘డబ్బులిచ్చి బయటికి వచ్చేశాడు’ అని ఊరు తేల్చేసింది. నాకూ కడుపు రగిలిపోయింది, అది వేరే సంగతి. కానీ బెయిల్ అంటే నిర్దోషి అని కాదు. హత్య లాంటి కేసులో పోలీసులు 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిల్ హక్కుగా వస్తుంది, వేశాక కూడా కోర్టు తన కారణాలతో ఇవ్వొచ్చు. ఆ కారణాలు ఆర్డర్‌లో రాసి ఉంటాయి. చదివి తిట్టుకుందాం, చదవకుండా జడ్జి గారికి డబ్బు అంటగట్టొద్దు.

ఇప్పుడు ఆ ఛానల్ గురించి. పేరు రాయను. వాళ్లకి మా మీద జాలి ఉందనే అనుకుంటాను, మొదటి వారం వాళ్లు వీడియో పెట్టాకే పై అధికారులు ఊళ్లోకి వచ్చారు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ ఆ తర్వాత వాళ్లు చేసినవి మా కేసుకే చేటు. నిందితుల ఫొటోలు పెద్దగా వేసి రోజూ తిప్పారు. సాక్షికి ముందు పరిచయం లేని మనిషిని గుర్తుపట్టాల్సిన కేసుల్లో జైల్లో గుర్తింపు పరేడ్ పెడతారు, అంటే కొందరిని వరసగా నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమంటారు. ఫొటో ముందే ఊరంతా చూసేస్తే, డిఫెన్స్ లాయర్ లేచి ‘నువ్వు గుర్తుపట్టింది సంఘటన చూసి కాదు, ఫోన్లో చూసి’ అంటాడు. ఆ మాటకి బలం ఉంటుంది. అలాగే సాక్షుల్ని మైకు ముందు కూర్చోబెట్టడం. పొలం నుంచి వచ్చిన మనిషి, కెమెరా చూసి బెదిరి, పోలీసులకి చెప్పినదాన్ని ఇక్కడ కొంచెం అటూ ఇటూ చెప్తాడు. రేపు బోనులో నిలబడ్డప్పుడు ఆ వీడియో చూపించి, అప్పుడలా అన్నావు ఇప్పుడిలా అంటున్నావు, ఏది నిజం అని అడుగుతారు. అంత మంచి సాక్ష్యం అక్కడ పలచబడిపోతుంది. పోలీసుల ముందు ఒప్పుకున్నాడంట, ఇంక విచారణ ఎందుకు అని ఒక వీడియోలో అన్నారు. పోలీసులకిచ్చిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు, అతను చెప్పిన చోట ఏదైనా వస్తువు దొరికితే ఆ దొరికిన మేరకే పనికొస్తుంది. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ ఉన్న నియమం అది, కొత్త సాక్ష్య చట్టంలోనూ ఉంది. దెబ్బలకి భయపడి ఎవరైనా ఏదైనా ఒప్పుకుంటారని పెట్టారు.

మన తెలుగువాళ్లకి ఇబ్రహీంపట్నం కేసు గుర్తుండాలి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర హాస్టల్‌లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. 2008లో ఒక కుర్రాడిని పట్టుకున్నారు, 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది, 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అంది. అన్నేళ్లు ఆ కుర్రాడు జైల్లో ఉన్నాడు, ఆ అమ్మాయి తల్లి అసలు దోషులు వేరే ఉన్నారని మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉంది. తర్వాత 2018లో హైకోర్టు సీబీఐకి అప్పగించింది. దొరికిన మనిషే దోషి అని తొందరపడితే అసలైనవాడు బయట తిరుగుతాడు. మా బావని చంపినవాళ్లకి శిక్ష పడాలి, చంపనివాళ్లకి పడకూడదు. మా అప్ప కూడా ఇదే అంటుంది, ‘ఆలు కాకపోతే ఆలకెందుకు, ఎవులు సేసినారో ఆలకే పడాల’ అని. అంత బాధలో ఉన్న మనిషి ఆ మాట అనగలిగినప్పుడు, వీడియోలు చూసే మనకేమైంది?

యాప్‌లో లేనివేమిటో కూడా చెప్పాలి. ఛార్జిషీటు ఉండదు, సాక్షుల వాంగ్మూలాలు ఉండవు, అవి అందరికీ కనిపించాల్సినవి కూడా కావు. అర మార్కు తగ్గించింది వాటికి కాదు, ఆ ‘డిస్పోజ్డ్’ అన్న మాటకి. కమిట్ అయిన కేసుకి సెషన్స్ నంబరు ఫలానా అని పక్కనే తెలుగులో ఒక లైను వేస్తే ఎన్నో ఇళ్లలో ఏడుపు తప్పుతుంది. ఫోన్ వాడటం రానివాళ్లు కోర్టు ఆవరణలో ఈ-సేవా కేంద్రం ఉంటే అక్కడ అడగొచ్చు. చనిపోయినవారి కుటుంబానికి ఇంకొన్ని హక్కులున్నాయి, ఇవి ఎవరూ పిలిచి చెప్పరు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకి పోలీసులే తెలియజేయాలని కొత్త చట్టం చెప్తోంది. కేసు నడిపేది పబ్లిక్ ప్రాసిక్యూటరే అయినా, కోర్టు అనుమతితో ఆయనకి సాయంగా మనం సొంత లాయర్ని పెట్టుకోవచ్చు. మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి, లేదా 15100కి ఫోన్ చేయాలి. నష్టపరిహారం అర్జీ కూడా అక్కడే. సాక్షిని ఎవరైనా బెదిరిస్తే రక్షణ కోరడానికి 2018 నుంచి సుప్రీంకోర్టు ఒప్పుకున్న పథకం ఉంది, పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారికి వెంటనే చెప్పండి, గ్రూపులో పెట్టకండి.

ఇక వాయిదాల సంగతి. సెషన్స్‌లో ముందు అభియోగాల మీద వాదనలు, అభియోగాలు నమోదు చేయడం, తర్వాత ప్రాసిక్యూషన్ సాక్షులు, ఆ తర్వాత నిందితుడిని జడ్జి గారు అడగడం, డిఫెన్స్ సాక్షులుంటే వాళ్లు, చివరికి వాదనలు, తీర్పు. యాప్‌లో ‘పర్పస్ ఆఫ్ హియరింగ్’ దగ్గర ప్రస్తుతం దేనికోసం వాయిదా పడిందో ఉంటుంది. అది చూస్తే మనం వెళ్లాల్సిన రోజు ఏదో, ఊరికే కూలి పోగొట్టుకునే రోజు ఏదో చాలావరకు తెలిసిపోతుంది. ఇచ్ఛాపురం, మందస వైపు నుంచి శ్రీకాకుళం కోర్టుకి వచ్చేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు, ఒక మనిషికి ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు, పైన భోజనం. ముందురోజు రాత్రి యాప్‌లో కాజ్‌లిస్ట్ (ఆ రోజు కోర్టులో వచ్చే కేసుల జాబితా) చూడండి, మీ నంబరు ఉందో లేదో. జడ్జి గారు సెలవులో ఉన్నారేమో మీ లాయర్‌కి ఒక ఫోన్ చేయండి. సమన్లు వచ్చిన సాక్షి మాత్రం ఏది ఏమైనా వెళ్లాల్సిందే, వెళ్లకపోతే వారెంట్ వస్తుంది.

మా అప్ప ఫోన్లో ఇప్పుడు యాప్ ఉంది, ఇంగ్లీషు రాకపోయినా తేదీ ఎక్కడ ఉంటుందో గుర్తుపెట్టుకుంది. ఎవరైనా వచ్చి ఏదైనా చెప్తే ముందు అది తెరిచి చూస్తోంది. డబ్బు అడిగిన మనిషి మళ్లీ వచ్చినప్పుడు ఆ తేదీ అతనికే చూపించి పంపించింది.