క్లినిక్కా, క్లాస్‌రూమా?

స్పీచ్ థెరపీలో నాలుగేళ్ల డిగ్రీ, ఆపైన రెండేళ్ల పీజీ అయ్యాక దారి రెండుగా చీలుతుంది.

క్లినిక్‌లో ఫలితం కళ్లముందే కనిపిస్తుంది. ‘కాకి’ని ‘తాతి’ అనే పిల్లాడి నాలుక కొనను పుల్లతో మెల్లగా అదిమిపెట్టి వారాల తరబడి పలికిస్తాం. ఒకరోజు చక్కగా ‘కాకి’ అంటాడు. అప్పుడు వాళ్లమ్మ ముఖం చూడాలి!

బోధనలో ఆ ఆనందం ఆలస్యంగా వస్తుంది. పీహెచ్‌డీ, పరిశోధన పేపర్ల టెన్షన్ అదనం. కానీ ‘క’కి నాలుక వెనక భాగం ఎందుకు లేవాలో, శబ్దాన్ని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో ‘త’కీ దానికీ తేడా ఎలా చూడాలో ఒక బ్యాచ్‌కి బాగా చెబితే వాళ్లు వందలమంది పిల్లలకి పనికొస్తారు. తెలుగు పిల్లల కోసం తెలుగులోనే తయారైన, మాటలో లోపాల్ని గుర్తించే పరీక్షలు ఇంకా కావాలి, అది ఎక్కువగా పరిశోధన వైపు వెళ్లినవాళ్ల పని. 1965లో మొదలైన మైసూరు వాక్ శ్రవణ సంస్థలో చదువు, పరిశోధన, క్లినిక్ ఒకేచోట నడుస్తాయి.

నా ఓటు బోధనకే, వారానికి ఒక్కరోజైనా క్లినిక్‌ని వదలకుండా.