సోల్, ఫంక్, డిస్కో రాత్రికి ఏది మేలు: కళాక్షేత్రమా, కల్యాణ మండపమా?

ఒకే రాత్రి సోల్, ఫంక్, డిస్కో అనే మూడు అమెరికన్ సంగీత శైలులూ లైవ్ బ్యాండుతో వాయించాలంటే కర్నూలు లాంటి ఊళ్లో చేతికందే చోట్లు రెండు. టీజీవీ కళాక్షేత్రం లాంటి కుర్చీల ఆడిటోరియం ఒకటి, పెళ్లిళ్లు జరిగే ఫంక్షన్ హాలు ఇంకొకటి. మైదానం సంగతి ఇక్కడే తేల్చేద్దాం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం, ప్రత్యేక అనుమతి ఉన్న రోజుల్లో తప్ప, రాత్రి 10 దాటితే ఆరుబయట మైకు మోగకూడదు. డిస్కోకు జనం ఊపందుకునేదే ఆ వేళకి. తలుపులు మూసిన హాలుకు ఆ గంట అడ్డు రాదు గానీ, ప్రహరీ గోడ దగ్గర శబ్దం ఆ ప్రాంతపు పరిమితి మీద 10 డెసిబెల్స్, లేదా మొత్తం 75, ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు.

ఈ మూడు సంగీతాలూ హాలును ఒకే తీరుగా అడగవు. సోల్‌కు గొంతు ప్రాణం. కాస్త ప్రతిధ్వని ఉన్నా ఓర్చుకుంటుంది, ఒక్కోసారి అందం కూడా. ఫంక్ అలా కాదు. అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ నేర్పిన పద్ధతిలో మొదటి దెబ్బ మీద అందరూ కలిసి పడతారు, ఆ తర్వాత ఒకరు వదిలిన ఖాళీలో ఇంకొకరు వాయిస్తారు. ప్రతిధ్వనితో ఆ ఖాళీ నిండిపోతే ఫంక్ లేదు. డిస్కోలో నిమిషానికి 120 దెబ్బలనుకుంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య అర సెకను. హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) చిన్న కొట్లు 0.125 సెకనుకొకటి.

ఇప్పుడు ఫంక్షన్ హాలు చూడండి. 30 మీటర్ల పొడవు, 15 వెడల్పు, 6 ఎత్తు అనుకుందాం. కింద బేతంచెర్ల బండలో, గ్రానైటో, చుట్టూ నున్నటి గోడలు, పైన పీఓపీ. ధ్వనిని పీల్చే వస్తువు ఒక్కటీ లేదు. హాలులో మోత ఎంతసేపు నిలుస్తుందో చెప్పే సబైన్ సూత్రంతో లెక్క కడితే ఖాళీ హాలులో మోత ఆగడానికి దాదాపు 6 సెకన్లు పడుతుంది, అంటే 12 దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దవుతాయి. 400 మంది నిలబడితే అదే 1.7 సెకన్లకు దిగుతుంది. 150 మందే వస్తే 3 సెకన్ల పైమాటే. లైవ్ బ్యాండుకు ఇంత హాలులో కావలసింది సుమారు 1 సెకను.

మందు ఉంది. టెంట్ హౌసులో దొరికే మందపాటి పరదాలు 200 చదరపు మీటర్లు వేలాడదీస్తే 400 మందితో 1.2 సెకన్లకు వస్తుంది. గోడకు అంటించకూడదు, 10–15 సెంటీమీటర్లు వదలాలి, మడతలు బాగా పడాలి. పెళ్లి వేదికకు కట్టే పల్చటి శాటిన్ గుడ్డ కంటికే తప్ప చెవికి పనికిరాదు. మొదట కట్టాల్సింది వేదిక వెనక గోడకు, దానికి ఎదురుగా ఉన్న గోడకు. డ్రమ్స్ కింద జంపఖానా పరవాలి. (ఇంట్లో పాత బొంతలుంటే డ్రమ్స్ వెనక వేలాడదీయండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.)

పరదాలకు లొంగనిది బేస్, అంటే లోతైన కింది స్వరాల మోత. ఇక్కడే ఎక్కువ రాత్రులు చెడిపోతాయి. ఊరేగింపుల డీజే బాక్సులు తెచ్చి రెండు మూలల్లో పేరుస్తారు. మూల బేస్‌ను ఇంకా పెంచుతుంది, బేస్ గిటార్ స్వరం పోయి గుబగుబ మిగులుతుంది. సబ్ ఊఫర్లన్నీ (బేస్ మోగించే పెద్ద బాక్సులు) వేదిక ముందు మధ్యలో ఒకే వరుసలో పెట్టాలి. వెనక వాళ్లకు వినబడలేదని ముందు బాక్సుల వాల్యూమ్ పెంచకుండా, వాటి నుంచి 17 మీటర్ల దగ్గర చిన్న బాక్సులు రెండు పెట్టి వాటికి 50 మిల్లీ సెకన్ల డిలే (ఆలస్యం) ఇవ్వాలి, ముందు బాక్సుల శబ్దం అక్కడికి చేరడానికి పట్టే సమయం అంతే.

ఆడిటోరియంలో ఈ బాధ చాలా తక్కువ. మెత్తటి కుర్చీలు మనుషులు రాకముందే పని చేస్తాయి, కాబట్టి సాయంత్రం సౌండ్ చెక్‌లో విన్నదే రాత్రీ వినబడుతుంది. చిక్కల్లా ఆ కుర్చీలతోనే. నేలకు బిగించినవి, పైగా వాలు నేల. డిస్కో మొదలయ్యాక జనం నడవాల్లోకి, వేదిక ముందుకి చేరతారు. మంటలొస్తే బయటపడే దారి అదే. అక్కడి సొంత మైక్ సిస్టమ్ సభలకు చేసింది, సబ్ ఊఫర్లు ఎలాగూ బయటి నుంచి తేవాలి.

కరెంటు విషయంలో రెండూ రెండే. సౌండ్‌కు ఒక ఫేజ్, లైట్లకు వేరే ఫేజ్. లైట్ల వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్లతో కలిపితే గిటార్‌లో జుంయ్ మంటుంది. దానికి మందని ఎర్త్ పిన్ పీకడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కరెంటు పోయి జనరేటర్ ఎక్కేలోపు డిజిటల్ మిక్సర్ ఆరిపోయి, మళ్లీ తేరుకునేసరికి పాట చచ్చిపోతుంది. దానికి మాత్రం ఆన్‌లైన్ యూపీఎస్ (కరెంటు పోయినా క్షణం కూడా ఆగకుండా బ్యాటరీతో నడిపేది) తప్పదు.

ట్రంపెట్లకు పెళ్లి బ్యాండు మేళం కళాకారుల్ని పిలిస్తే ఊదడంలో బలం ఉంటుంది, స్వరాలు మాత్రం ముందే రాసివ్వాలి. వేడికి ఇత్తడి వాయిద్యాల శ్రుతి పైకి పోతుంది, గిటార్ తీగలు కిందికి జారతాయి. ఏసీ నిలకడగా లేని హాలులో సెట్టు మధ్యలో శ్రుతి చూసుకోవాలి.

మా తీర్పు తలల లెక్కను బట్టి. 200 లోపు టికెట్లయితే కళాక్షేత్రమే, సోల్ పాళ్లు పెంచి, డిస్కోను చివరి 30 నిమిషాలకు కుదించండి. 350 దాటితే ఫంక్షన్ హాలు, పరదాల ఖర్చు బడ్జెట్లో మొదటి గీతగా రాసి. మధ్యలో ఉంటే హాలును అడ్డంగా పరదాతో సగం చేసి వాడండి. తేదీ ఆషాఢంలోనో పుష్యంలోనో చూసుకుంటే ముహూర్తాలుండవు, హాలు యజమాని అద్దెలోనూ దిగుతాడు, పరదాలు కట్టడానికి ముందురోజు తాళాలూ ఇస్తాడు.