కాలు కదపకుండా పాతిక నిమిషాలు: మూడు మోకాలి ఎమ్మారైల తర్వాత

నాలుగేళ్లలో నా కుడి మోకాలు మూడుసార్లు ఎమ్మారై గొట్టంలోకి వెళ్లొచ్చింది. మూడూ బెంగళూరులోనే. ఇప్పుడు ఆఫీసులో ఎవరికి మోకాలు పట్టేసినా నా సీటు దగ్గరికే వస్తున్నారు. అడిగేది రెండే: లోపల ఊపిరాడదా, ఆ మోత భరించగలమా? కాలు కదపకుండా ఎంతసేపు పడుకోవాలని ఒక్కరూ అడగరు. మొదటిసారి నేనూ అడగలేదు. దానికి డబ్బు, రెండు వారాలు దండగయ్యాయి.

మారతహళ్లిలో షటిల్ ఆడుతూ ఎగిరి దిగేసరికి మోకాలి లోపల టప్‌మంది. రాత్రికి బొప్పాయిలా వాచింది. ఎక్స్‌రేలో ఎముకలన్నీ బాగానే ఉన్నాయి. లిగమెంట్లు (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీలు), మెనిస్కస్ (ఎముకల మధ్య దిండులా ఉండే మెత్తటి భాగం) అందులో కనపడవు కాబట్టి డాక్టర్ ఎమ్మారై రాశారు. ఇంక నా పరిశోధనంతా మిషన్ 1.5 టెస్లానా, 3 టెస్లానా (దాని అయస్కాంతం బలానికి కొలత అది) అన్నదాని మీదే నడిచింది. 3 టెస్లా మిషన్ ఉన్న సెంటర్ ఒకటి పట్టుకుని, రేటు తగ్గిస్తారని రాత్రి పదిన్నర స్లాట్ తీసుకున్నాను. పేరెందుకులెండి.

ఒక విషయంలో మాత్రం ప్రాణం లేచొచ్చింది. మోకాలికి స్కాన్ అయితే కాళ్ల వైపు నుంచి లోపలికి పంపుతారు. నడుము దాటి కొంత వరకూ వెళ్లి ఆగిపోయాను. తల బయటే ఉంది, సీలింగ్ మీద లైటు కనిపిస్తోంది. దీనికా నేను నిన్నంతా నిద్ర మానుకున్నది అనుకున్నాను. ఆ తర్వాత అడిగినవాళ్లందరికీ "ఏం భయం లేదు, తల బయటే ఉంటుంది" అని ధీమాగా చెప్పేవాణ్ని. ఈ మాట గురించి కింద మళ్లీ చెప్తాను.

మోకాలి చుట్టూ ఒక ప్లాస్టిక్ డబ్బా బిగిస్తారు. దాన్ని కాయిల్ అంటారు, టిఫిన్ క్యారియర్ లాగా క్లిప్పు పడుతుంది. నా కాలు వాపుతో చాపడానికే రావట్లేదు. టెక్నీషియన్ కొంచెం నొక్కి, డబ్బా మూసి, "డోంట్ మూవ్" అని చెప్పి వెళ్లిపోయాడు. మోత మొదలైంది. పక్క ఫ్లాట్‌లో టైల్స్ కోస్తున్నట్టే ఉంటుంది, అంతకుమించి ఏం లేదు. చెవుల్లో దూది ఉండలు పెట్టారు, అలవాటైపోయింది. అలవాటు కానిది కాలు. కాసేపటికి మోకాలి వెనక సన్నగా సలుపు మొదలైంది. తర్వాత తొడ కండరం నా ప్రమేయం లేకుండా అదురుతోంది. ఇంకెంతసేపో తెలియదు. నూట ఇరవై అంకెలు లెక్కపెట్టాను. అయిపోలేదు. మళ్లీ లెక్కపెట్టాను.

ఉన్నట్టుండి మోత ఆగింది. హమ్మయ్య, అయిపోయిందనుకుని మడమను ఒక్క అంగుళం పక్కకి జరిపాను. ఎంత హాయిగా ఉందో! అంతలో మళ్లీ టకటకా మొదలైంది.

తర్వాత తెలిసిందేమిటంటే ఎమ్మారై అంటే ఒకే ఫోటో కాదు. మూడేసి, నాలుగేసి నిమిషాల విడతలుగా తీస్తారు. మధ్యలో నిశ్శబ్దం వస్తుంది. మొదట తీసిన చిన్న చిత్రాన్ని చూసి, ఏ కోణంలో ఎక్కడ తీయాలో గుర్తు పెట్టుకుంటారు. నిశ్శబ్దంలో కాలు జరిపితే ఆ గుర్తులన్నీ తప్పుతాయి. విడత నడుస్తుండగా కదిపితే చిత్రం మసకబారుతుంది. నేను రెండు పనులూ చేశాను.

డాక్టర్ ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి చాలాసేపు చూశారు. ఎముక అంచు పక్కనే ఇంకో అంచు, కదిలే నీళ్లలో నీడలాగా. "ఏసీఎల్ తెగింది, అది తెలుస్తూనే ఉంది. మెనిస్కస్ వెనక భాగం మాత్రం చెప్పలేను" అన్నారు. ఏసీఎల్ అంటే మోకాలి మధ్యలో ఉండే లిగమెంటు. రిపోర్టులోనూ కదలిక వల్ల స్పష్టత లేదని ఒక ముక్క రాసి ఉంది. సెంటర్‌కి వెళ్లి అడిగితే, కదిలింది పేషెంటే కాబట్టి మళ్లీ తీయాలంటే మళ్లీ కట్టాలన్నారు. అరగంట వాదించి వచ్చేశాను.

రెండు వారాలకి జయనగర్ వైపు 1.5 టెస్లా మిషన్ ఉన్న చోట తీయించాను. అక్కడి కుర్రాడిది కోలార్, నా మాట వినగానే తెలుగులోకి దిగాడు. మోకాలి కింద చిన్న మెత్త, పాదానికి అటూ ఇటూ ఇసక సంచులు పెట్టి, "సలుపుతాందా? ఇప్పుడే చెప్పన్నా, మూసినాక సర్దేదానికి కాదు" అన్నాడు. మోత మొదలయ్యే ముందు ప్రతిసారీ మైకులో "ఇది నాలుగు నిమిషాలన్నా", "ఇది రెండున్నరే". అంతే. ఎప్పటికి అయిపోతుందో తెలిస్తే అదే సలుపు సగమైపోయింది. చిత్రాలు అద్దంలా వచ్చాయి.

ఆ కుర్రాణ్ని ఏళ్ల తరబడి పొగుడుతూ వచ్చాను. నిజం చెప్పాలంటే అప్పటికి నా మోకాలి వాపు కూడా దిగిపోయింది, సగం ఘనత దానిదే అయ్యుండొచ్చు. కానీ ఆపరేషన్ తర్వాత, పోయినేడాది మూడోసారి ఇంకోచోట తీయించినప్పుడు నేనే ముందు అడిగాను: ఎన్ని నిమిషాలో చెప్తూ ఉండండి అని. ఆ అమ్మాయి ఏ విసుగూ లేకుండా చెప్పింది. అడిగితే చేస్తారు, అంతే. (ఆపరేషన్‌లో స్క్రూ వేసి ఉంటే దాని కాగితం వెంట తీసుకెళ్లండి. నాది టైటానియం, స్కాన్‌కి అడ్డేం కాలేదు గానీ దాని చుట్టూ చిత్రంలో నల్ల మచ్చ పడింది.)

మరి "తల బయటే" అన్న మాట? నేను అయిదడుగుల తొమ్మిదంగుళాలు. మోకాలు గొట్టం మధ్యకి చేరినా నా తల బయట మిగులుతుంది. ఈ మధ్య ప్రొద్దుటూరు నుంచి మా అమ్మ వచ్చి బాత్రూంలో జారింది, ఆమెకీ మోకాలి స్కాన్ తీయించాల్సి వచ్చింది. ఆమె అయిదడుగులు కూడా ఉండదు. ముఖం సరిగ్గా గొట్టం అంచు కింద ఆగిందట. బయటికొచ్చాక మొదటి మాట: "తల బయటే ఉంటాదంటివి గదరా, కండ్లు తెరిస్తే నెత్తిమీద గోడే గదా!" కాబట్టి పొట్టిగా ఉన్నవాళ్లూ, ఇరుకంటే గాభరా పడేవాళ్లూ నా ధీమాని నమ్ముకోకండి, ముందే చెప్పి బెల్లు చేతిలో పెట్టించుకోండి. రూములోనే పక్కన కూర్చోనిస్తారేమో కూడా అడగండి, నన్నయితే కూర్చోనివ్వలేదు.

లోపలికి వెళ్లేముందు ఒంటి మీది లోహమంతా తీసేయాలన్నారు. గాజులు వచ్చేశాయి. పెళ్లయినప్పటి మెట్టెలు రాలేదు. నర్సమ్మ సబ్బు నురగతో పావుగంట తంటాలు పడి లాగింది. అంతసేపూ అమ్మ ముఖం అటు తిప్పుకునే ఉంది. స్కాన్ అయ్యి టేబుల్ దిగీ దిగకముందే నా వైపు చెయ్యి చాపింది. పట్టుకుని నడిపించమనేమో అనుకున్నాను. మెట్టెలకోసం.